గురక ఆగింది, జబ్బు ఆగిందా?

2022 ఫిబ్రవరిలో ముంబైలో బప్పి లహరి కన్నుమూశారన్న వార్త రాగానే మనలో చాలామందికి 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలు గుర్తొచ్చాయి. అప్పటికి ఆయన వయసు 69. నెల రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వెళ్ళిన మర్నాడే పరిస్థితి విషమించింది. అనేక ఆరోగ్య సమస్యలున్నా, వైద్యులు మరణానికి కారణంగా చెప్పింది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు. దానికి అందరికీ వినిపించే గుర్తు గురక.

మన ఇళ్ళలో గురక అంటే నవ్వులాట. "గుర్రు పెట్టి నిద్రపోయాడు" అంటే హాయిగా పడుకున్నాడనే అర్థం. పెళ్ళి విడిదిలో ఒకే గదిలో నలుగురు పడుకుంటే మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఎవరి గురక గురించి చెప్పుకోవాలో అందరికీ తెలుసు. ఆ నవ్వులో పడి అసలు సంగతి మరుగున పడిపోతోంది. 2019లో లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్‌లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ళ మధ్య వయసున్న 93.6 కోట్ల మందికి ఈ జబ్బు ఏదో ఒక స్థాయిలో ఉంది. ఒక్క భారతదేశంలోనే సుమారు 10.4 కోట్ల మందికి ఉండవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల 2023 సమీక్ష లెక్క తేల్చింది.

ఇంతమంది రోగులున్న చోట కొత్త చికిత్సలు పుట్టడం సహజం. గత కొద్ది ఏళ్ళలోనే ఛాతీలో అమర్చే పరికరాలు, గడ్డం కింద అమర్చే పరికరాలు, వారానికొక ఇంజెక్షన్ వచ్చాయి. దంతవైద్యుల క్లినిక్‌లలో "అరగంటలో గురక మాయం" అనే లేజర్ ప్రకటనలూ కనిపిస్తున్నాయి. వీటిలో ఏది చికిత్స, ఏది కేవలం చప్పుడు తగ్గించే ఏర్పాటు అన్న తేడా తెలియకుండా చేతిలో డబ్బు, గొంతులో కండ వదులుకోకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు లోపల జరిగేదేమిటి?

మెలకువలో ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉండే కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలోకి జారగానే అవి వదులవుతాయి. దారి కొంచెం ఇరుకైతే గాలి వెళ్ళేటప్పుడు మెత్తని అంగిలి, కొండనాలుక జెండాలా కొట్టుకుంటాయి. ఆ చప్పుడే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడు కూడా ఉండదు. భార్యకో, భర్తకో భయం వేసేది ఆ నిశ్శబ్దంలోనే. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం మేలుకొల్పుతుంది, పెద్ద శబ్దంతో ఊపిరి మళ్ళీ మొదలవుతుంది. పడుకున్నవారికి ఇదేమీ గుర్తుండదు.

ఊపిరి కనీసం పది సెకన్లు ఆగినా, బాగా తగ్గినా ఒక లెక్క. గంటకు అలాంటివి ఎన్ని అన్నదాన్ని ఎ.హెచ్.ఐ. అంటారు. 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 40 అంటే నిమిషంన్నరకోసారి ఎవరో తట్టి లేపుతున్నట్టు. రాత్రంతా అలా గడిచినవారు మధ్యాహ్నం మీటింగ్‌లో కునికిపాట్లు పడటంలో ఆశ్చర్యమేముంది? స్టీరింగ్ పట్టుకుని కునికితే అది ఇంటితో పోయే సమస్య కాదు. అందుకే బ్రిటన్‌లో మధ్యస్థ, తీవ్ర స్థాయి ఆప్నియాతో పాటు పగటి మత్తు ఉన్నవారు ఆ సంగతి డి.వి.ఎల్.ఎ.కు తెలియజేయాలన్న నిబంధన ఉంది. అధిక రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం వంటివి ఈ జబ్బుతో ముడిపడి ఉన్నాయని ఎన్నో పరిశీలనల్లో తేలింది.

అల్మారాలో మూలపడ్డ యంత్రం

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్, ఆయన బృందం ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా ఆపవచ్చని ఐదుగురు రోగులలో చూపించారు. అదే సీపాప్. నలభై ఏళ్ళు దాటినా ఎ.హెచ్.ఐ.ని తగ్గించడంలో దాన్ని మించినది రాలేదు. చిక్కంతా వాడకంలోనే ఉంది. ముఖానికి మాస్కు, ముక్కు ఎండిపోవడం, పక్కవారికి గాలి తగలడం, నలభై ఏళ్ళకే రోగిలా కనిపిస్తామేమోనన్న బిడియం. వీటన్నిటితో చాలామంది యంత్రాలు కొన్ని నెలల్లోనే అల్మారా చేరతాయి.

అమెరికాలో మెడికేర్ లెక్క ప్రకారం మొదటి మూడు నెలల్లో, వరసగా ఏదైనా ఒక 30 రోజుల వ్యవధిలో, 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం నాలుగు గంటలు వాడితేనే "వాడుతున్నట్టు". చాలా ప్రైవేటు బీమా కంపెనీలదీ ఇదే కొలత. నాలుగు గంటలు వాడితే బీమా పరీక్ష గట్టెక్కుతుంది, మరి శరీరం సంగతి?

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకరి ఎ.హెచ్.ఐ. 40. యంత్రం పెట్టుకుంటే అది 2కి దిగుతుంది. కానీ రాత్రి రెండు గంటలకు మాస్కు తీసి పక్కన పెడతారు. ఎనిమిది గంటల నిద్రలో నాలుగు గంటలు 2, మిగతా నాలుగు గంటలు 40. సగటు 21. అంటే "అద్భుతంగా పనిచేసే" చికిత్స వాడుతూ కూడా మనిషి మధ్యస్థ జబ్బులోనే ఉన్నాడు. పైగా కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, చాలామందిలో జబ్బు ముదిరేదీ అప్పుడే. అదే మనిషికి ఎ.హెచ్.ఐ.ని 15కు మాత్రమే తగ్గించగల చికిత్స ఏదైనా దొరికి, అది రాత్రంతా పనిచేస్తే సగటు 15. కాగితం మీద తక్కువ బలమున్నది ఒంటి మీద మేలు చేస్తుంది. సీపాప్‌కు ప్రత్యామ్నాయాలు వెతకడంలో ఉన్న న్యాయమైన కారణం ఇదే.

2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద పరిశోధన కూడా ఇలాంటి ప్రశ్ననే మిగిల్చింది. గుండె జబ్బో, మెదడు రక్తనాళాల జబ్బో ఉన్న 2,717 మందిపై చూస్తే సీపాప్ గుండెపోటు, పక్షవాతాల వంటివాటిని చెప్పుకోదగ్గట్టు తగ్గించలేదు. పగటి మత్తు మాత్రం తగ్గింది. అయితే వారి సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. ఇక 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ, లోపలి ఫోమ్ పొడిగా రాలుతోందన్న కారణంతో లక్షలాది యంత్రాలను వెనక్కి పిలవడంతో ఉన్న కాస్త నమ్మకమూ సడలింది. ఆ ఖాళీలోకే కొత్త చికిత్సల ప్రకటనలు జొరబడ్డాయి.

అంగిలి మీద చిన్న పనులు

పాత పద్ధతి శస్త్రచికిత్సలో కొండనాలుక, మెత్తని అంగిలిలో కొంత, టాన్సిల్స్ తీసేసేవారు. నొప్పి ఎక్కువ, ఫలితం అనిశ్చితం. దానికి బదులుగా 1990ల నుంచి కుర్చీలో కూర్చోబెట్టి చేసే చిన్న పనులు వచ్చాయి.

మొదటిది లేజర్‌తో అంగిలిని, కొండనాలుకను కుదించడం. రెండోది రేడియో తరంగాల వేడితో అంగిలి లోపలి కండను గట్టిపరచడం, దీనికి 1997లో గురక కోసం ఎఫ్.డి.ఏ. అనుమతి వచ్చింది. మూడోది పిల్లర్ పద్ధతి. అంగిలిలోకి మూడు చిన్న పాలియెస్టర్ పుల్లలు గుచ్చి దాన్ని బిగువుగా చేయడం. దీన్ని 2002లో గురకకు, 2004లో ఆప్నియాకు అనుమతించారు.

ఈ మూడింటి సూత్రం ఒక్కటే. కొట్టుకునే జెండాను గట్టిపరిస్తే చప్పుడు తగ్గుతుంది. ఆప్నియా లేకుండా గురక మాత్రమే ఉండి, సన్నగా ఉన్నవారికి వీటితో కొంత ఉపశమనం దొరకవచ్చు. కానీ గొంతు మూసుకుపోయేది అంగిలి దగ్గర ఒక్కచోటే కాదు. చాలామందిలో నాలుక మొదలు వెనక్కి పడుతుంది, గొంతు పక్క గోడలు లోపలికి వస్తాయి. అక్కడ అడ్డు అలాగే ఉండి, పైన చప్పుడు మాత్రం ఆగితే ఏమవుతుంది? ఇల్లు తగలబడుతుంటే గంట తీసేసినట్టు అవుతుంది. భార్య నిశ్చింతగా నిద్రపోతుంది, భర్త ఊపిరి ఆగుతూనే ఉంటుంది.

ఇది ఊహ కాదు. లేజర్ పద్ధతిపై అంతవరకు వచ్చిన పరిశోధనలను 2017లో ఒకచోట చేర్చి చూస్తే, వివరాలు దొరికిన రోగుల్లో 44 శాతం మందికి ఎ.హెచ్.ఐ. తగ్గకపోగా పెరిగింది. కాలిన చోట మచ్చ కట్టి దారి మరింత ఇరుకవడం దీనికి ఒక కారణం కావచ్చు. అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ ఆప్నియాకు లేజర్ వద్దని 2001 నాటికే చెప్పింది. ఇప్పుడు దంతవైద్యులు వాడేది కండను కోయని, మెల్లగా వేడిచేసే రకం లేజర్. పాతదానికంటే సున్నితమైనదే. అయినా ఆప్నియాను నయం చేస్తుందనడానికి గట్టి ఆధారాలు ఇంకా లేవు.

నాలుకను మేలుకొలిపే నరం

అసలు మార్పు వచ్చింది మరోవైపు నుంచి. కండను కోయడానికి బదులు, నిద్రలో వదులైపోయే కండరాన్నే పనిచేయిస్తే? నాలుకను ముందుకు కదిలించే నరానికి చిన్న విద్యుత్ సంకేతం పంపే ఇన్‌స్పైర్ పరికరానికి 2014 ఏప్రిల్‌లో ఎఫ్.డి.ఏ. అనుమతి లభించింది. కుడి కాలర్ ఎముక కింద చర్మం లోపల పేస్‌మేకర్ లాంటి చిన్న పెట్టె అమర్చి, అక్కడి నుంచి ఒక తీగను దవడ కింది నరానికి చేరుస్తారు. సుమారు నెల తరువాత దాన్ని పనిలో పెడతారు. పడుకునే ముందు రిమోట్ నొక్కాలి, లేచాక ఆపాలి. ఊపిరి పీల్చే వేళకు నాలుక కొద్దిగా ముందుకు వస్తుంది, దారి తెరుచుకుంటుంది.

అనుమతికి ఆధారమైన స్టార్ పరిశోధనలో సీపాప్‌తో కుదరని 126 మంది పాల్గొన్నారు. ఏడాది తరువాత వారి ఎ.హెచ్.ఐ. మధ్యస్థ విలువ 29.3 నుంచి 9.0కి దిగింది. వారి సగటు బి.ఎం.ఐ. 28.4. అంటే మరీ స్థూలకాయులు కారు, మనలో నడివయసు వారిలాంటివారే. అయితే ముందుగా పెట్టుకున్న ప్రమాణాన్ని అందుకున్నది మూడింట రెండు వంతుల మందే. మిగతా మూడో వంతుకు ఒంట్లో పరికరం ఉంది, ఆశించిన ఫలితం రాలేదు.

అందుకే ఎంపిక ముఖ్యం. మత్తుమందుతో నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్నని కెమెరా పంపి గొంతు ఎలా మూసుకుంటోందో చూస్తారు. అంగిలి దగ్గర సంచి మూతి బిగించినట్టు చుట్టూతా మూసుకునేవారికి ఈ పరికరం పనికిరాదు. 2023లో ఎఫ్.డి.ఏ. పరిధిని ఎ.హెచ్.ఐ. 100 వరకు, బి.ఎం.ఐ. 40 వరకు పెంచింది. కానీ బీమా కంపెనీల నిబంధనలు చాలావరకు అంతకంటే బిగువుగానే ఉన్నాయి. 'అనుమతి' వేరు, 'చెల్లింపు' వేరు అన్న సంగతి ఇక్కడ మరువరాదు. బీమా లేకపోతే ఖర్చు పదుల వేల డాలర్లలోకి వెళుతుంది. బ్యాటరీ సుమారు పదకొండేళ్ళు వస్తుంది, ఆ తరువాత పెట్టె మార్చడానికి మరో చిన్న ఆపరేషన్ తప్పదు.

2025 ఆగస్టులో బెల్జియం కంపెనీ నిక్సోవా తయారుచేసిన జెనియోకు కూడా అనుమతి వచ్చింది. దీనికి ఒంట్లో బ్యాటరీ లేదు. గడ్డం కింద చిన్న ముక్క అమరుస్తారు, అది రెండు వైపుల నరాలకూ సంకేతం ఇస్తుంది. శక్తి మాత్రం రోజూ రాత్రి గడ్డం కింద అతికించుకునే పట్టీ నుంచి వస్తుంది. ఛాతీలో కోత ఉండదు, కానీ రోజూ అతికించుకునే క్రమశిక్షణ కావాలి.

కోతే అక్కరలేనిది ఎక్సైట్ ఓ.ఎస్.ఏ. 2021 ఫిబ్రవరిలో అనుమతి పొందిన ఈ పరికరాన్ని పగలు మెలకువగా ఉన్నప్పుడే రోజుకు 20 నిమిషాలు నాలుక మీద పెట్టుకోవాలి. ఆరు వారాల తరువాత వారానికొకసారి. ఇది గురకకు, స్వల్ప ఆప్నియాకు మాత్రమే. తీవ్ర జబ్బుకు దీన్ని నమ్ముకోకూడదు.

ఇంజెక్షన్, మన కొలతలు

2024 డిసెంబర్‌లో ఎఫ్.డి.ఏ. ఆప్నియాకు తొలిసారి ఒక మందును అనుమతించింది. అది జెప్‌బౌండ్, అంటే మౌంజారో పేరుతో మధుమేహానికి వాడే టిర్జెపటైడే. స్థూలకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దలకు ఇస్తారు. సీపాప్ వాడనివారిపై ఏడాదిపాటు జరిపిన పరిశోధనలో గంటకు సగటున 25 ఆగుళ్ళు తగ్గాయి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో తగ్గినవి 5. ఇది చిన్న విషయం కాదు. కానీ మొదలుపెట్టినప్పుడు వారి సగటు 51. అందులోంచి 25 తీసేస్తే ఇంకా 26, అంటే మధ్యస్థ జబ్బు. దాదాపు నలభై, యాభై శాతం మందికి జబ్బు పోవడమో, లక్షణాలు లేని స్వల్ప స్థాయికి రావడమో జరిగింది. మిగతావారికి మందుతో పాటు మరొకటి కావాలి. కాబట్టి బరువు తగ్గగానే యంత్రాన్ని అమ్మేయడం కాదు, నిద్ర పరీక్ష మళ్ళీ చేయించుకోవడం పద్ధతి.

ఇక్కడ మనకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. అమెరికా లెక్కలో స్థూలకాయమంటే బి.ఎం.ఐ. 30. ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు 39. మనవాళ్ళలో చేతులు, కాళ్ళు సన్నగా ఉండి పొట్ట, మెడ చుట్టూ కొవ్వు చేరడం మామూలు. అందుకే భారతీయులకు 25 దాటితేనే స్థూలకాయంగా లెక్కించాలని మన దేశపు వైద్యులు చెబుతారు. 170 సెంటీమీటర్ల ఎత్తు, 76 కిలోల బరువున్న మనిషి బి.ఎం.ఐ. 26. ఆయన హైదరాబాద్‌లో స్థూలకాయుడు, డాలస్‌లో కాస్త బరువెక్కినవాడు మాత్రమే. ఎ.హెచ్.ఐ. 35 ఉన్నా ఆయనకు బీమా ఈ ఇంజెక్షన్ ఇవ్వకపోవచ్చు. అంతకంటే ప్రమాదం, "మీరు లావుగా లేరు కదా" అని అసలు పరీక్షే రాయకపోవచ్చు. ఎక్కువగా వాడే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో కూడా బరువుకు మార్కు పడేది 35 దాటితేనే. కాబట్టి డాక్టరు అడగకపోయినా మనమే అడగాలి: ఇంట్లో ఊపిరి ఆగడం చూశారు, పగలు మత్తుగా ఉంటోంది, రక్తపోటు రెండు మందులకూ లొంగడం లేదు అని.

కత్తి, సూది అక్కరలేనివి

కింది దవడను కొద్దిగా ముందుకు లాగి ఉంచే పళ్ళ తొడుగు ఈ జాబితాలో గౌరవంగా చెప్పుకోదగ్గది. సీపాప్ పడనివారికి దీన్ని ఇవ్వవచ్చని అమెరికా నిద్ర వైద్యులు, దంత నిద్ర వైద్యులు కలిసి 2015లో మార్గదర్శకాలు ఇచ్చారు. సీపాప్ కంటే బలం తక్కువ, కానీ రాత్రంతా ఉంచుకునేవారు ఎక్కువ. మన లెక్క ఇక్కడే పనికొస్తుంది. అయితే అంగడిలో దొరికే 'వేడినీళ్ళలో ముంచి కొరికే' రకం కాదు, అచ్చు తీసి చేసినది కావాలి. ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ వరస కొంత కదలవచ్చు.

వెల్లకిలా పడుకుంటేనే జబ్బు వచ్చేవారు కొందరున్నారు. వారికి పక్కకు తిరిగి పడుకోవడమే సగం మందు. పడుకునే ముందు మద్యం, నిద్రమాత్రలు గొంతును మరింత వదులు చేస్తాయి. శుక్రవారం రాత్రి గురక ఎందుకు పెరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

గొంతు కండరాలకు వ్యాయామం కూడా పనిచేస్తుందంటున్నారు. 2006లో స్విట్జర్లాండ్‌లో 25 మందిలో కొందరితో ఆస్ట్రేలియా ఆదివాసుల డిజిరిడూ వాద్యం ఊదించి చూశారు, పగటి మత్తు, ఎ.హెచ్.ఐ. రెండూ తగ్గాయి. 2025లో జైపూర్ వైద్యులు మన శంఖంతోనే ప్రయత్నించారు. మధ్యస్థ ఆప్నియా ఉన్న 30 మందిలో కొందరు ఆరు నెలలు శంఖం ఊదితే పగటి మత్తు 34 శాతం తగ్గింది, గంటకు నాలుగైదు ఆగుళ్ళు తగ్గాయి. వాట్సాప్‌లో ఇది "శంఖం ఊదితే గురక పోతుంది" అయిపోయింది. ముప్పై మందితో చేసిన ప్రయోగం ఆశ కల్పిస్తుంది, అంతే. గంటకు 20 ఉన్నవారికి నాలుగైదు తగ్గడం మంచిదే. 60 ఉన్నవారు శంఖం పట్టుకుని యంత్రం వదిలేయకూడదు.

డబ్బు కట్టేముందు

ఏ చికిత్సకైనా ఒప్పుకునేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, నా ఎ.హెచ్.ఐ. ఎంత? నిద్ర పరీక్ష లేకుండా గురకకు చికిత్స చేస్తామనేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ఇప్పుడు ఇంట్లోనే ఒక రాత్రి చేసుకునే పరీక్షలున్నాయి. రెండు, నా గొంతు ఎక్కడ మూసుకుంటోంది? ముక్కు దూలం సరిచేస్తే మాస్కు సుఖంగా ఉండవచ్చు, ఆప్నియా మాత్రం అరుదుగానే పోతుంది. మూడు, మూడు నుంచి ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేస్తారా? గురక తగ్గిందన్న ఇంటివారి మాట సాక్ష్యమే, తీర్పు కాదు. నాలుగు, ఫలితం రాకపోతే వెనక్కి వెళ్ళే దారి ఉందా? పళ్ళ తొడుగు తీసేయవచ్చు, యంత్రం ఆపవచ్చు, కోసిన కండ మాత్రం తిరిగి రాదు.

ఇండియాలో అమ్మానాన్నల విషయమూ ఆలోచించండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలలో నిద్ర పరీక్షలు చేసే పెద్ద ఆస్పత్రులున్నాయి. నాన్నగారికి మోకాలి ఆపరేషనో, కంటి ఆపరేషనో ఉంటే మత్తు ఇచ్చే వైద్యుడికి గురక సంగతి తప్పక చెప్పమనండి. మత్తుమందు వదులైన గొంతును మరింత వదులు చేస్తుంది. ఇక్కడి నుంచి ప్రయాణించేవారు సీపాప్‌ను చేతి సామానులోనే తీసుకెళ్ళండి. అమెరికా నిబంధనల ప్రకారం అది వైద్య పరికరం, సామాను లెక్కలోకి రాదు. చాలా యంత్రాలు మన 230 వోల్టుల కరెంటుకూ పనిచేస్తాయి, వెనక ముద్రించినది ఒకసారి చూసుకుంటే చాలు.

చివరగా ఒక మాట. ఈ జబ్బున్న మనిషికి తన జబ్బు తెలియదు, అతను నిద్రలో ఉంటాడు. తెలిసేది పక్కన మేలుకుని ఉన్నవారికే. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉంటోందో లెక్కపెట్టేది వారే. కాబట్టి ఇంట్లో ఎవరైనా "రాత్రి మీ ఊపిరి ఆగింది, భయం వేసింది" అంటే నవ్వేసి ఊరుకోకండి. ఫోనులో ఒక రాత్రి రికార్డు చేయమనండి, దాన్ని వైద్యుడికి వినిపించండి. ఏ చికిత్స మంచిదన్న చర్చ ఆ తరువాతి సంగతి.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. వైద్య నిర్ణయాలు మీ వైద్యుడితో మాట్లాడి తీసుకోగలరు.